కొత్తగా బిగించిన పీసీలో విండోస్ 11, లినక్స్ మింట్ వేసుకోవడం: నా అనుభవం

విండోస్ వేయడం ఇరవై నిమిషాల పని. ఆ ఇరవై నిమిషాల దాకా రావడానికే టైమంతా పడుతుంది. కొత్తగా బిగించిన సిస్టమ్‌లో పని మధ్యలో ఆగిపోతే అందరూ ఇన్‌స్టాలర్‌నే తిడతారు గానీ, చాలాసార్లు అసలు కారణం అంతకు ముందే ఉంటుంది. బయోస్‌లో (బోర్డులోనే ఉండి సిస్టమ్‌ని మొదట లేపే సాఫ్ట్‌వేర్) ఒక సెట్టింగో, సరిగా తయారుకాని పెన్‌డ్రైవో, స్పీడు పెంచిన ర్యామో, డ్రైవర్ లేని వైఫైయో అయ్యుంటుంది. అందుకే కింద రాసినదాంట్లో చాలా దూరం దాకా ‘ఇన్‌స్టాల్’ బటన్ ఊసే రాదు.

నేను వేసిన సిస్టమ్‌లో ప్రాసెసర్ ఏఎండీ రైజెన్ 5 7600. బీ650 చిప్‌సెట్ ఉన్న మైక్రో ఏటీఎక్స్ మదర్‌బోర్డ్, 16 జీబీ డీడీఆర్5 ర్యామ్ స్టిక్‌లు రెండు (డబ్బా మీద స్పీడు 6000), 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (బోర్డు మీదే బిగించేది), ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4060 కార్డు, 650 వాట్ల పవర్ సప్లై. వీటితోపాటు పాత సిస్టమ్‌లోంచి తీసిన 480 జీబీ సాటా ఎస్ఎస్‌డీ (కేబుల్‌తో కలిపేది) ఒకటి. ఎన్‌వీఎంఈ మీద విండోస్ 11, సాటా డ్రైవ్ మీద లినక్స్ మింట్ 22 (ఉచితంగా దొరికే ఓఎస్) పెట్టాలన్నది ప్లాను. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కాబట్టి కొత్త సిస్టమ్‌కి దాని జోలికి పోనక్కర్లేదు.

పార్టులు ఎక్కడ కొన్నా ‘విండోస్ కూడా వేసిచ్చేయమంటారా?’ అని అడుగుతారు. లైసెన్స్ డబ్బులు తీసుకోకుండా యాక్టివేట్ అయిన విండోస్ ఇస్తామంటే అందులో క్రాక్ (లైసెన్స్ ఉన్నట్టు నమ్మించే దొంగ ప్రోగ్రామ్) ఉన్నట్టే. ఆ క్రాక్ ఫైలుని విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ పట్టుకుంటుంది కాబట్టి ఆ ఫోల్డర్‌ని స్కాన్ నుంచి తప్పించి ఇస్తారు. అంటే తాళం వేసి, తాళంచెవి గుమ్మంలోనే వదిలినట్టు. నెట్ బ్యాంకింగ్ చేసే కంప్యూటర్‌లో అది వద్దు. ప్రొడక్ట్ కీ లేకపోయినా విండోస్ ఇన్‌స్టాల్ అవుతుంది. స్క్రీన్ మూల ‘యాక్టివేట్ విండోస్’ అని కనిపిస్తుంది, వాల్‌పేపర్, రంగులు మార్చుకోనివ్వదు, అంతే. కీ తర్వాత కొనుక్కోవచ్చు.

ముందు కరెంటు సంగతి

కేబినెట్ ఇనుప భాగం మీద చెయ్యి వేస్తే సన్నగా జిల్లుమంటోందంటే ప్లగ్ పాయింట్‌కి ఎర్తింగ్ లేదని అర్థం. పవర్ సప్లై లోపల ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ ఎర్త్‌కి కలిపి ఉంటాయి. ఎర్త్ వైరు ఎటూ పోకుండా తేలుతుంటే ఆ కాస్త లీకేజీ కేబినెట్ మీదికి వస్తుంది. మనిషికి పెద్ద ప్రమాదం లేకపోయినా పెన్‌డ్రైవ్ పెట్టి తీసేటప్పుడు యూఎస్‌బీ పోర్టులకు మంచిది కాదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ సరిచేయించాకే మిగతా పని.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక ‘యూపీఎస్’, ‘నార్మల్’ అని ఒక స్విచ్ ఉంటుంది. కొన్నింట్లో రెండోదాన్ని ‘ఎకో’ అంటారు. నార్మల్‌లో ఉంటే కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ అందుకునేలోపు ఫ్యాన్లు, లైట్లు తట్టుకుంటాయి, కంప్యూటర్ మాత్రం రీస్టార్ట్ అవుతుంది. దాన్ని యూపీఎస్ వైపు పెట్టాలి. విండోస్ వేసేటప్పుడు కరెంటు పోతే మళ్ళీ మొదటి నుంచి వేసుకోవచ్చు. బయోస్ అప్‌డేట్ మధ్యలో పోతే మాత్రం బోర్డు మూలన పడే ప్రమాదం ఉంది.

మొదటిసారి ఆన్ చేస్తే ఏమీ కనిపించదు

ఈ ప్రాసెసర్ కూర్చునే ఏఎం5 సాకెట్ బోర్డుల్లో డీడీఆర్5 ర్యామ్ పెట్టి మొదటిసారి పవర్ బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరుగుతాయి, స్క్రీన్ నల్లగానే ఉంటుంది, బోర్డు అంచున ‘డీర్యామ్’ అని రాసి ఉన్న చిన్న లైటు పసుపు రంగులో వెలుగుతూ ఉంటుంది. ఇది చూసి చాలామంది ర్యామ్ పోయిందనుకుని ఆఫ్ చేసేస్తారు. పోలేదు. ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ ఆ ర్యామ్‌తో ఏ టైమింగ్‌లో మాట్లాడాలో వెతుక్కుంటోంది. మెమరీ ట్రైనింగ్ అనేది ఇదే. 32 జీబీకి కొన్ని నిమిషాలు పట్టొచ్చు, మధ్యలో సిస్టమ్ తనంతట తానే ఆగి మళ్ళీ మొదలవ్వొచ్చు. పావుగంట దాకా ముట్టుకోకండి. బయోస్ అప్‌డేట్ చేసినా, సీమోస్ క్లియర్ చేసినా (అంటే బయోస్ సెట్టింగులన్నీ మొదటికి తెచ్చినా), ర్యామ్ స్పీడు మార్చినా ఈ తతంగం మళ్ళీ జరుగుతుంది.

పావుగంట దాటినా ఆ లైటు ఆరకపోతే అప్పుడు చూడాల్సింది స్లాట్లు. నాలుగు స్లాట్లున్న బోర్డులో రెండు స్టిక్‌లు పెట్టేటప్పుడు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడాలి. మాన్యువల్‌లో వాటి పేర్లు ఏ2, బీ2. స్టిక్ రెండు చివరలూ ‘టక్’మని కూర్చోవాలి. ఒకవైపు మాత్రమే గొళ్ళెం ఉండే బోర్డుల్లో గొళ్ళెం లేని వైపు కాస్త పైకి లేచి ఉండిపోవడం మామూలే.

లైటు ‘వీజీఏ’ దగ్గర ఆగితే మానిటర్ కేబుల్ చూడండి. గ్రాఫిక్స్ కార్డు ఉన్నప్పుడు కేబుల్ కార్డుకే పెట్టాలి, బోర్డు వెనక హెచ్‌డీఎంఐకి కాదు. రైజెన్ 5 7600లో సొంత గ్రాఫిక్స్ ఉంది కాబట్టి కార్డు తీసేసి కూడా పరీక్షించుకోవచ్చు. 7500ఎఫ్‌లోనూ, పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలోనూ ఆ వీలు లేదు. ‘బూట్’ లైటు వెలిగితే కంగారు అక్కర్లేదు. డిస్కులో ఇంకా ఏ ఓఎస్సూ లేదని చెప్పడమే దాని పని. ‘సీపీయూ ఫ్యాన్ ఎర్రర్’ అని వచ్చి ఆగిపోతే కూలర్ వైరు ‘సీహెచ్ఏ ఫ్యాన్’ పిన్నులకు పెట్టి ఉంటారు. ‘సీపీయూ ఫ్యాన్’ పిన్నులకు మార్చండి.

బయోస్‌లో చేయాల్సినవి

డిలీట్ కీ లేదా ఎఫ్2 నొక్కుతూ ఉంటే బయోస్ తెరుచుకుంటుంది. మొదటి పేజీలోనే ప్రాసెసర్ పేరు, ర్యామ్ 32 జీబీ, ఎన్‌వీఎంఈ డ్రైవ్ పేరు, తేదీ, టైము అన్నీ సరిగ్గా ఉన్నాయా చూసుకోవాలి. డ్రైవ్ కనిపించకపోతే సాఫ్ట్‌వేర్‌తో తేలే విషయం కాదు. ఎం.2 స్లాట్‌లో డ్రైవ్ పూర్తిగా లోపలికి వెళ్ళి, చివర స్క్రూతో నొక్కి ఉందో లేదో చూడాలి. పనిలో పనిగా, దాని మీద బిగించే హీట్‌సింక్ అడుగున ఉండే మెత్తటి ప్యాడ్ మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది పీకారా? పీకకపోతే వేడి హీట్‌సింక్‌లోకి పోదు. ఇంకొకటి, కొన్ని బోర్డుల్లో రెండో ఎం.2 స్లాట్ వాడితే ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి. ఏవి ఆగుతాయో మాన్యువల్‌లో పట్టిక ఉంటుంది. సాటా డ్రైవ్ కనిపించకపోతే కేబుల్ కొనేముందు ఆ పట్టిక చూడండి.

తర్వాత బయోస్ అప్‌డేట్. ఇది విండోస్ వేయకముందే చేసేయాలి, దానికి కారణం ఉంది. ఏఎండీలో టీపీఎం (డిస్కు తాళం కీలు భద్రంగా దాచే భాగం) అనేది విడి చిప్ కాదు, ప్రాసెసర్‌లోనే ఉంటుంది. బయోస్ మార్చినప్పుడు అది రీసెట్ అయ్యే అవకాశం ఉంది. అప్పటికే విండోస్ డిస్కుని ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే బూట్ అవగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఖాళీ డిస్కు మీద ఆ గొడవే లేదు. బోర్డు కంపెనీ సైటులో మీ మోడల్‌కి, రివిజన్ నంబర్‌తో సహా సరిపోయే ఫైలు తీసుకుని, ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో పెట్టి, బయోస్ లోపలి అప్‌డేట్ టూల్‌తోనే చేయండి. రివిజన్ నంబర్ బోర్డు మీద ఒక మూల చిన్న అక్షరాలతో అచ్చు వేసి ఉంటుంది.

రైజెన్ 9000 సిరీస్ ప్రాసెసర్ కొన్నవాళ్ళకు ఇది ఇంకా ముఖ్యం. పాత బయోస్‌తో ఉన్న బీ650 బోర్డు ఆ ప్రాసెసర్‌ని గుర్తించదు, స్క్రీనే రాదు. అప్పుడు వెనక ‘ఫ్లాష్‌బ్యాక్’ బటన్ ఉన్న బోర్డయితేనే బతికిపోతారు. దాంతో ప్రాసెసర్, ర్యామ్ అవసరం లేకుండా, 24 పిన్, 8 పిన్ పవర్ కేబుళ్ళు పెట్టి, గుర్తు ఉన్న యూఎస్‌బీ పోర్టు నుంచి అప్‌డేట్ చేయవచ్చు. సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ దుకాణాల కాంప్లెక్స్) కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా డబ్బా మీద 9000 సిరీస్‌కి రెడీ అన్న స్టిక్కర్ ఉందో లేదో అడిగి చూసుకోవాలి.

సెట్టింగుల్లో నేను చూసినవి నాలుగే. సీఎస్ఎం (పాత పద్ధతి బూట్) ఆఫ్. ఎఫ్‌టీపీఎం (పైన చెప్పిన టీపీఎమ్మే) ఆన్. సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న ఓఎస్‌నే లేవనిచ్చేది) ఆన్. సాటా మోడ్ ఏహెచ్‌సీఐ, రెయిడ్ (డిస్కుల్ని జతగా వాడే పద్ధతి) కాదు. విండోస్ 11కి టీపీఎం 2.0, యూఈఎఫ్ఐ (కొత్త పద్ధతి బయోస్) తప్పనిసరి. కొత్త బోర్డుల్లో ఇవి చాలావరకు ముందే ఆన్‌లో ఉంటాయి. ఇంటెల్ సిస్టమ్ అయితే ‘వీఎండీ’ అనే సెట్టింగ్ కూడా చూడండి. అది ఆన్‌లో ఉంటే ఇన్‌స్టాలర్‌కి ఎన్‌వీఎంఈ డ్రైవ్ కనిపించకపోవచ్చు. రెయిడ్ వాడనివాళ్ళకు అది ఆఫ్‌లో ఉండటమే మేలు.

ర్యామ్‌ని డబ్బా మీది స్పీడుకి పెంచే ఎక్స్‌పో ప్రొఫైల్ మాత్రం ఇప్పుడు ఆన్ చేయకండి. డబ్బా మీద 6000 అని ఉన్నా, ఎక్స్‌పో లేకుండా ర్యామ్ 4800 దగ్గర నడుస్తుంది. ఇన్‌స్టాలేషన్ అయ్యేదాకా అలాగే ఉండనివ్వాలి. ర్యామ్‌లో ఒక బిట్ తప్పు పడితే ఇన్‌స్టాలర్ కాపీ చేసే ఫైలు పాడవుతుంది. అది అప్పుడే తెలిస్తే అదృష్టం. చాలాసార్లు నెల తర్వాత ఏదో అప్‌డేట్ దగ్గర నీలం స్క్రీన్ రూపంలో బయటపడుతుంది, అప్పుడు కారణం ఎవరూ పట్టుకోలేరు.

పెన్‌డ్రైవ్

ఇన్‌స్టాలర్ పెట్టుకోవడానికి కనీసం 8 జీబీ ఉండాలి, 16 జీబీ అయితే హాయి. మరీ చవగ్గా దొరికే 128, 256 జీబీ పెన్‌డ్రైవ్‌లలో నకిలీలు ఉంటాయి. సైజు పెద్దగా చూపిస్తాయి, లోపల ఉండేది కొంచెమే. రూఫస్‌లో (ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్ తయారుచేసే ఉచిత టూల్) ‘చెక్ డివైస్ ఫర్ బ్యాడ్ బ్లాక్స్’ టిక్ పెడితే ఆ బండారం బయటపడుతుంది.

విండోస్ ఐఎస్ఓని (ఇన్‌స్టాలర్ మొత్తం ఉండే ఒకే ఫైలు) మైక్రోసాఫ్ట్ సైటు నుంచే తీసుకోవాలి. దాన్ని మామూలుగా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కొడితే ఎందుకు పనిచేయదో తెలిస్తే సగం తలనొప్పి తగ్గుతుంది. ఐఎస్ఓ లోపల ‘ఇన్‌స్టాల్.విమ్’ అనే ఒకే ఒక్క ఫైలు 4 జీబీ దాటి ఉంటుంది. ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జీబీ మించి పట్టదు. కానీ యూఈఎఫ్ఐ తప్పకుండా చదవగలిగేది ఫ్యాట్32నే. దీనికి రెండు దారులు. మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్ ఆ ఫైలుని ఇంకా కుదించి ‘ఈఎస్‌డీ’ రూపంలో 4 జీబీ లోపు చేస్తుంది. రూఫస్ అయితే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేసి, దాన్ని చదవడానికి పక్కన ఒక బుల్లి పార్టిషన్ పెడుతుంది.

నేను రూఫస్ వాడాను. పార్టిషన్ స్కీమ్ జీపీటీ (డిస్కుని భాగాలు చేసే కొత్త పద్ధతి, పాతది ఎంబీఆర్), టార్గెట్ యూఈఎఫ్ఐ. స్టార్ట్ నొక్కాక ఒక చిన్న పెట్టె వచ్చి కొన్ని టిక్‌లు అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ ఖాతా తప్పనిసరి కాకుండా చేయడం, లోకల్ ఖాతా పేరు ముందే ఇవ్వడం, బిట్‌లాకర్ (డిస్కు ఎన్‌క్రిప్షన్) తనంతట తాను ఆన్ అవకుండా ఆపడం అందులో ఉంటాయి. ఈ మూడూ పెట్టాను. టీపీఎం అవసరం లేకుండా చేసే టిక్ మాత్రం పెట్టలేదు. కొత్త సిస్టమ్‌లో టీపీఎం ఉండగా దాన్ని దాటేయడంలో అర్థం లేదు. ఖాతా పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీ లేకుండా ఇవ్వండి. యూజర్ ఫోల్డర్ ఆ పేరుతోనే తయారవుతుంది, తెలుగు పేరున్న ఫోల్డర్ దారిని కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు చదవలేవు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో వెళ్తే ఆ ఫోల్డర్‌కి ఈమెయిల్‌లోని మొదటి ఐదు అక్షరాలు పేరుగా పెడుతుంది, తర్వాత మార్చడం పెద్ద గోల.

ఇదే పెన్‌డ్రైవ్‌లో బోర్డు కంపెనీ సైటు నుంచి ల్యాన్, వైఫై డ్రైవర్లు కూడా ఒక ఫోల్డర్‌లో వేసి పెట్టుకోవాలి. ఎందుకో ముందుముందు తెలుస్తుంది.

విండోస్

మొదట సాటా ఎస్ఎస్‌డీ కేబుల్ పీకేశాను. రెండు డిస్కులుంటే విండోస్ ఇన్‌స్టాలర్ విండోస్‌ని ఒకదాని మీద పెట్టి, బూట్ ఫైళ్ళున్న ఈఎఫ్ఐ పార్టిషన్‌ని ఇంకోదాని మీద పెట్టే సందర్భాలున్నాయి. పాత డిస్కు మీద ముందే ఈఎఫ్ఐ పార్టిషన్ ఉంటే ఇది మరీ ఎక్కువ. ఎప్పుడో ఆ పాత డిస్కు తీసేసిన రోజున విండోస్ లేవదు. సాటా కేబుల్ పీకడం అర నిమిషం పని.

బూట్ ఆర్డర్ మార్చకుండా ఒక్కసారి వాడే బూట్ మెనూనే వాడాలి. ఆసుస్ బోర్డుల్లో ఎఫ్8, ఎంఎస్ఐ, ఏఎస్‌రాక్‌లో ఎఫ్11, గిగాబైట్‌లో ఎఫ్12. బయోస్‌లో పెన్‌డ్రైవ్‌ని మొదటి స్థానంలో పెడితే, ఇన్‌స్టాలేషన్ మధ్యలో రీస్టార్ట్ అయినప్పుడల్లా మళ్ళీ పెన్‌డ్రైవ్ నుంచే బూట్ అయి, భాష ఎంచుకోమని మొదటి తెర చూపిస్తుంది. ఇన్‌స్టాల్ అవ్వలేదేమో అని మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళున్నారు. బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపిస్తే ముందు ‘యూఈఎఫ్ఐ’ అని ఉన్నదే ఎంచుకోండి. రెండోది ఎంచుకుంటే, తీరా డిస్కు ఎంచుకునే చోట ఎంబీఆర్, జీపీటీ గొడవ వస్తుంది.

ఇన్‌స్టాలర్ మొదలవగానే ‘మీడియా డ్రైవర్ మిస్సింగ్’ అని వస్తే డ్రైవర్ కోసం వెతక్కండి. చాలావరకు ఐఎస్ఓ సరిగా దిగకపోవడమో, పెన్‌డ్రైవో, పోర్టో కారణం. బోర్డు వెనక నల్ల రంగు యూఎస్‌బీ 2.0 పోర్టుకి మార్చి చూడండి, అయినా వస్తే పెన్‌డ్రైవ్ మళ్ళీ తయారుచేయండి.

కీబోర్డ్ లేఅవుట్ దగ్గర ‘ఇంగ్లిష్ ఇండియా’ లేదా ‘యూఎస్’ పెట్టాలి. ఇంగ్లిష్ ఇండియాలో కుడి ఆల్ట్, 4 కలిపి నొక్కితే రూపాయి గుర్తు వస్తుంది. పొరపాటున ‘యునైటెడ్ కింగ్‌డమ్’ పెడితే ‘ఎట్’ గుర్తు, కోటేషన్ గుర్తు తారుమారవుతాయి. పాస్‌వర్డ్‌లో ‘ఎట్’ ఉన్నవాళ్ళు లాగిన్ దగ్గరే ఇరుక్కుపోతారు.

ఎడిషన్ అడిగినప్పుడు మీ దగ్గరున్న కీ ఏదో దానికే సరిపోవాలి. హోమ్, హోమ్ సింగిల్ లాంగ్వేజ్, ప్రో వేరువేరు. హోమ్ కీతో ప్రో యాక్టివేట్ అవదు. ఓఈఎమ్ లైసెన్స్ ఒకే మదర్‌బోర్డుకి కట్టుబడి ఉంటుంది. రీటైల్ లైసెన్స్ అయితే బోర్డు మారినా తీసుకెళ్ళవచ్చు.

డిస్కు ఎంచుకునే తెరలో 1 టీబీ డ్రైవ్ 931 జీబీగా కనిపిస్తుంది. ఏమీ పోలేదు, కంపెనీ వెయ్యితో లెక్కపెడుతుంది, విండోస్ 1024తో లెక్కపెడుతుంది. విండోస్ తనకు తానుగా 100 ఎంబీ ఈఎఫ్ఐ పార్టిషన్ చేస్తుంది. లినక్స్ కూడా ఇదే డిస్కులో పెట్టాలనుకునేవాళ్ళు దాన్ని పెద్దది చేసుకోవడం మంచిది. ఆ తెర దగ్గర షిఫ్ట్, ఎఫ్10 నొక్కితే కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది. అందులో డిస్క్‌పార్ట్ తెరిచి, డిస్కు ఎంచుకుని, జీపీటీకి మార్చి, 500 ఎంబీతో ఈఎఫ్ఐ పార్టిషన్ చేసి, ఫ్యాట్32లో ఫార్మాట్ చేస్తే సరి. తర్వాత విండోస్ దాన్నే వాడుకుంటుంది. నాకు రెండు డిస్కులు ఉన్నాయి కాబట్టి ఖాళీ జాగా మొత్తం ఎంచుకుని నెక్స్ట్ నొక్కేశాను.

ఫైళ్ళు కాపీ అవడం, రెండు మూడు రీస్టార్ట్‌లు, వీటి గురించి చెప్పడానికేం లేదు. అసలు ఆగేది నెట్‌వర్క్ తెర దగ్గర. బోర్డు మీద వైఫై ఉంటుంది, విండోస్‌లో ఆ చిప్‌కి డ్రైవర్ ఉండదు. కొన్ని బోర్డుల్లో 2.5జీ ల్యాన్ చిప్‌కీ అదే కథ. నెట్ లేదు, రూఫస్‌లో ఖాతా టిక్ పెట్టని పెన్‌డ్రైవ్ అయితే నెక్స్ట్ బటన్ నొక్కనివ్వదు. ఆ తెరలో ‘ఇన్‌స్టాల్ డ్రైవర్’ బటన్ ఉంటే (విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి వచ్చింది) పెన్‌డ్రైవ్‌లో ముందే వేసుకున్న డ్రైవర్ ఫోల్డర్ చూపించాలి. జిప్ ఫైలు కాదు, విప్పిన ఫోల్డర్ ఉండాలి, అందులో ‘ఐఎన్ఎఫ్’ ఫైలు కనబడాలి. డ్రైవర్ పెట్టుకోనివాళ్ళకు ఆండ్రాయిడ్ ఫోనే దిక్కు. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేస్తే విండోస్ దాన్ని ల్యాన్ కార్డుగా గుర్తిస్తుంది. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ అయితే టెదరింగ్ ఆప్షనే వెలగదు, కేబుల్ మార్చండి. నెట్ దాటేయడానికి ఒకప్పుడు వాడిన కమాండ్‌ని మైక్రోసాఫ్ట్ కొత్త వెర్షన్లలో తీసేస్తూ వస్తోంది, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

డెస్క్‌టాప్ వచ్చాక మొదటి పని విండోస్ అప్‌డేట్. దాన్ని పూర్తిగా ముగియనిచ్చి రీస్టార్ట్ చేశాకే ఏఎండీ చిప్‌సెట్ డ్రైవర్, మళ్ళీ రీస్టార్ట్, ఆ తర్వాత ఎన్విడియా డ్రైవర్. అప్‌డేట్ వెనకాల ఒక గ్రాఫిక్స్ డ్రైవర్ దిగుతుండగా మీరు ఇంకోటి వేస్తే రెండూ కొట్టుకుని స్క్రీన్ నల్లబడొచ్చు. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు ఒక్కటీ లేకపోతే డ్రైవర్ల పని అయినట్టే. డ్రైవర్లన్నీ మేమే వేస్తామనే యాప్‌లు ఏవీ వద్దు. కొన్ని బోర్డులైతే విండోస్ మొదలవగానే తమ కంపెనీ యాప్ వేసుకోమని ఒక పెట్టె చూపిస్తాయి. అది వచ్చేది బయోస్‌లోంచి, ఆపాల్సిందీ అక్కడే.

ఆ తర్వాత సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’ చూడండి. 24హెచ్2 నుంచి కొత్తగా వేసిన విండోస్‌లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే ఇది అడక్కుండానే ఆన్ అవుతుంది. ఆన్‌లో ఉండటం తప్పు కాదు. కానీ రికవరీ కీ ఆ ఖాతాలో ఉందని, దాన్ని కాగితం మీద రాసుకోవాలని చాలామందికి తెలియదు. నేను లినక్స్ కూడా పెడుతున్నాను కాబట్టి ఆఫ్‌లోనే ఉంచాను.

లినక్స్ మింట్

విండోస్‌లో ఉండగానే ‘ఫాస్ట్ స్టార్టప్’ ఆపేయాలి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ కింద ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం హైబర్నేట్ అవుతుంది. లినక్స్ నుంచి ఆ డిస్కు తెరిస్తే చదవనిస్తుంది గానీ రాయనివ్వదు.

మింట్ ఐఎస్ఓ కూడా తాజాదే తీసుకోండి. 2024 ఆగస్టు విండోస్ అప్‌డేట్ తర్వాత పాత లినక్స్ పెన్‌డ్రైవ్‌లు చాలా సిస్టమ్‌లలో ‘ఎస్‌బీఏటీ’ అన్న మాటతో ‘సెక్యూరిటీ పాలసీ వయొలేషన్’ అని చూపించి ఆగిపోయాయి. సెక్యూర్ బూట్ ఆపేయడం ఒక దారే, కానీ కొత్త ఐఎస్ఓతో ఆ అవసరం రాదు. ఎన్విడియా కార్డుతో తెర నల్లగా నిలిచిపోతే బూట్ మెనూలో ‘కంపాటిబిలిటీ మోడ్’ ఎంచుకోవాలి.

సాటా కేబుల్ మళ్ళీ పెట్టాను. ఇక్కడ మింట్ ఇన్‌స్టాలర్‌కి పాత జబ్బు ఒకటుంది. బూట్‌లోడర్ (ఓఎస్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) ఏ డిస్కు మీద పెట్టాలో మీరు ఎంచుకున్నా, అది మొదటి ఈఎఫ్ఐ పార్టిషన్‌లోనే, అంటే విండోస్ దాంట్లోనే పెట్టేస్తుంది. రెండు ఓఎస్‌లనీ నిజంగా విడివిడిగా ఉంచాలంటే, ఇన్‌స్టాలర్ తెరిచేముందు లైవ్ మింట్‌లోని (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే మింట్) పార్టిషన్ల టూల్ జీపార్టెడ్‌లో విండోస్ ఈఎఫ్ఐ పార్టిషన్‌కి ఉన్న ‘బూట్’, ‘ఈఎస్‌పీ’ ఫ్లాగులు తీసేయాలి. ఇన్‌స్టాలేషన్ అయ్యాక, రీస్టార్ట్ చేయకముందే, వాటిని తిరిగి పెట్టేయాలి. బయోస్‌లో ఎం.2 స్లాట్ ఆఫ్ చేసే వీలుంటే అది ఇంకా సులువు.

‘సమ్‌థింగ్ ఎల్స్’ ఎంచుకుని, సాటా డిస్కులో 500 ఎంబీ ఈఎఫ్ఐ పార్టిషన్, మిగతాదంతా ఎక్స్‌టీ4లో రూట్ (మింట్ ఉండే చోటు). స్వాప్‌కి విడి పార్టిషన్ అవసరం లేదు, మింట్ స్వాప్ ఫైలు తనే చేసుకుంటుంది. డిస్కు పేరు కాదు, సైజు చూసి ఎంచుకోండి. 480, 1000 మధ్య తేడా కంటికి తెలుస్తుంది. అయిపోయాక బూట్ మెనూలో మింట్ కోసం వెతికితే కనబడదు, ‘ఉబుంటు’ అని ఉంటుంది. అదే మింట్.

ఎన్విడియా డ్రైవర్‌ని డ్రైవర్ మేనేజర్ నుంచి వేసేటప్పుడు సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ అయ్యాక నీలం తెర మీద ‘ఎంఓకే మేనేజ్‌మెంట్’ అని వస్తుంది. పది సెకన్లలో ఏదో ఒక కీ నొక్కాలి, లేకపోతే తన దారిన తాను బూట్ అయిపోతుంది. ‘ఎన్‌రోల్ ఎంఓకే’, ‘కంటిన్యూ’, ‘యస్’ నొక్కి, ఇందాకటి పాస్‌వర్డ్ కొట్టి, రీబూట్ చేయాలి. ఆ తెర జారిపోతే డ్రైవర్ ఇన్‌స్టాల్ అయినట్టే కనిపిస్తుంది గానీ లోడ్ అవదు, రిజల్యూషన్ తక్కువలో ఉండిపోతుంది.

తిరిగి విండోస్‌లోకి వస్తే గడియారం ఐదున్నర గంటలు వెనక ఉంటుంది. బోర్డు మీది గడియారంలో లినక్స్ యూటీసీ టైము రాస్తుంది, విండోస్ దాన్నే మన టైము అనుకుంటుంది. టైము తప్పితే బ్యాంకు సైట్లు కూడా తెరుచుకోవు. మింట్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో ‘సెట్-లోకల్-ఆర్‌టీసీ’ విలువ 1 చేస్తే రెండూ ఒక మాట మీదికి వస్తాయి.

తెలుగు

విండోస్‌లో లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతోపాటు ఫొనెటిక్ కీబోర్డు కూడా దొరుకుతుంది. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కి మార్చుకోవచ్చు. పాత డాక్యుమెంట్లలో వాడిన గౌతమి, వాణి ఫాంట్లు కొత్త విండోస్‌లో మామూలుగా ఉండవు. ఆప్షనల్ ఫీచర్స్‌లో ‘తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్’ వేసుకోవాలి. మింట్‌లో ఐబస్ (వేరే భాషల్లో టైప్ చేయించే టూల్), దానికి ఎం17ఎన్ ప్యాకేజీ వేస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, యాపిల్, పోతన లేఅవుట్లు వస్తాయి. పోతన2000, వేమన2000 ఫాంట్లు సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే ఉన్నాయి. అను స్క్రిప్ట్‌లో టైప్ చేసిన పాత డీటీపీ ఫైళ్ళు మాత్రం ఏ కీబోర్డు వేసినా పిచ్చి గీతల్లాగే కనిపిస్తాయి. అవి యూనికోడ్ కాదు, కన్వర్టర్‌తో మార్చాల్సిందే.

చివరికి ర్యామ్ స్పీడు

రెండు ఓఎస్‌లూ నికరంగా నడుస్తున్నాయని రూఢి అయ్యాకే బయోస్‌లో ఎక్స్‌పో ఆన్ చేశాను. మళ్ళీ మెమరీ ట్రైనింగ్, మళ్ళీ నల్ల తెర. ఆ తర్వాత పెన్‌డ్రైవ్ నుంచి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 నడిపించాలి. ఉచిత వెర్షన్‌లో నాలుగు పాస్‌లు ఉంటాయి, 32 జీబీకి గంటలు పడుతుంది కాబట్టి రాత్రి పెట్టి వదిలేయడమే. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ స్పీడుని నమ్మొద్దు. 5600కి దించి మళ్ళీ పరీక్షించండి. అక్కడ నిలబడితే దాంతో సర్దుకోవచ్చు, మామూలు వాడకంలో తేడా తెలియదు. ఎక్స్‌పో ఆఫ్ చేసినా ఎర్రర్లు వస్తుంటే స్టిక్ పాడైనట్టే. ఒక్కో స్టిక్‌ని విడిగా ఏ2 స్లాట్‌లో పెట్టి ఏదో తేల్చుకోండి. కిట్‌గా కొన్నవాటికి వారంటీలో రెండు స్టిక్‌లూ కలిపే అడుగుతారు, డబ్బా పారేయకండి.